ఈ వారం వంతు మనది

ఒక ఆదివారం సాయంత్రం బజారు నుంచి తిరిగొచ్చేసరికి మా వీధి తలుపు పిడికి ఒక చెక్క పలక వేలాడుతోంది. అరచెయ్యంత ఉంటుంది. తాడు కొత్తది, పలక మాత్రం బాగా పాతది. ఎన్ని చేతులు పట్టుకున్నాయో ఏమో, అంచులు నున్నగా అరిగిపోయాయి. మీద నల్లటి అక్షరాలు నాలుగు.

టోక్యోలో దిగి అప్పటికి రెండు నెలలు. ఏదో తప్పు చేసుంటాం, వీధివాళ్ళంతా కలిసి నోటీసు తగిలించి ఉంటారని నాకు గుండె దడ. "న్యూజెర్సీలో గడ్డి పెరిగితే ఇలాగే కదూ కాయితం అంటించేవాళ్ళు" అని మా ఆవిడ నా దడకి ఇంకాస్త దడ కలిపింది. అప్పటికి రెండు నెలలుగా జపాను బడికి వెళుతున్న మా తొమ్మిదేళ్ళ పిల్ల ముందుకొచ్చి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "గోమి... తోబన్. చెత్త వంతు నాన్నా. ఈ వారం మనది."

'తోబన్' అన్న మాట దానికి జపానులో నోరారా 'థాంక్యూ' చెప్పడం రాకముందే వచ్చేసిందని తర్వాత తెలిసింది.

మా సంగతి ఒక ముక్క చెప్పాలి. నేనూ మా ఆవిడా తెనాలి వైపు వాళ్ళం. న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్ళు ఉన్నాం. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. ఇంటిల్లిపాదికీ అమెరికా పాస్‌పోర్టులే. కంపెనీ పని మీద మూడేళ్ళకని షినగావా వార్డులో ఒక సన్నటి సందులో అద్దెకు దిగాం. సందులో మాతో కలిపి పదకొండు ఇళ్ళు. వాళ్ళ లెక్కలో మేం 'అమెరికా వాళ్ళం'. మొహాలు చూస్తే అలా లేమే అని పైకి ఎవరూ అనలేదు, మర్యాదస్తులు. పక్కింటి బామ్మగారు మాత్రం మొదటి రోజే తలుపు తట్టి, నడుం వంచి పలకరించి, "మీరు రోజూ రొట్టేనా తినేది?" అని అడిగింది. అన్నమే తింటామని పిల్ల చెబితే ఆవిడ మొహంలో కనిపించిన నిశ్చింత ఇంకా గుర్తుంది.

ఇక చెత్త వంతు అంటే ఏమిటంటే, సందు మొదట్లో గోడవార చెత్త పెట్టే చోటు ఒకటుంది. కాలే చెత్తకు వారంలో రెండు రోజులు, సీసాలూ డబ్బాలూ కాయితాలకు ఒక రోజు, కాలని వాటికి మరో లెక్క. ఉదయం ఎనిమిది లోపు పెట్టాలి, ముందు రాత్రి పెట్టకూడదు. వంతు ఉన్నవాళ్ళు తెల్లవారగానే వెళ్ళి అక్కడ నీలం వల పరవాలి. లారీ వెళ్ళిపోయాక వల దులిపి మడతపెట్టాలి, నేల ఊడ్చి ఒక చెంబెడు నీళ్ళు పొయ్యాలి. వారం అయ్యాక పలకను పక్కింటి తలుపుకి తగిలించాలి. అంతే. జీతగాళ్ళు లేరు, చందా లేదు.

వల ఎందుకంటే కాకుల కోసం. మన ఊళ్ళో తద్దినం నాడు కాకి కోసం పెరట్లో ఎంతసేపు ఎదురు చూస్తామో తెలిసిందే. మా తాతగారి సంవత్సరీకానికి అరగంట పిలిచినా ఒక్కటీ రాలేదు. టోక్యో కాకులకు పిలుపులు అక్కర్లేదు. మన కాకికి రెండింతలు ఉంటాయి, ముక్కు కొడవలిలా ఉంటుంది, చూపు ఇంకా పదును. నా మొదటి వంతు రోజున వల పరిచి, దాని అంచు మీద బరువు పెట్టడం మరిచిపోయాను. పావుగంటలో తిరిగొచ్చి చూస్తే మా సంచీయే చించి ఉంది. చింతపండు పిప్పి, కరివేపాకు రెమ్మలు, కోడిగుడ్డు పెంకులు, నిన్నటి పెరుగన్నం సందు మధ్యదాకా పరుచుకున్నాయి. అక్కడ సంచులు లోపలిది కనపడేవే వాడాలి కనుక మేం ఏం తింటామో అందరికీ ఎలాగూ తెలుసు. ఆ రోజు కాకులు వివరంగా విడమరిచి చెప్పాయి.

బామ్మగారు చీపురుతో వచ్చింది. ఒక్క మాట అనలేదు. నాతోపాటు ఊడ్చింది, నీళ్ళ సీసా ఒకటి తెచ్చి వల అంచు మీద పెట్టి, ఇలా అని చూపించింది. నేను ఎన్నిసార్లు తల వంచానో లెక్కలేదు. అసలు ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ ఆదివారం ఫోన్లో మా అమ్మకి చెబితే, "ఏరా, అమెరికా వదిలి జపాన్ వెళ్ళింది వీధులు ఊడవడానికా?" అంది. నవ్వేశాను గానీ ఆ ప్రశ్నలో సగం నాదే. న్యూజెర్సీలో చెత్తతో నాకున్న సంబంధమల్లా వారానికోసారి పెద్ద డబ్బాని రోడ్డు అంచుకి దొర్లించడం. లారీ చెయ్యి చాపి దాన్ని ఎత్తి కడుపులో పోసుకునేది. తర్వాత అదెక్కడికి పోతుందో పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇక్కడ పాలడబ్బా ఖాళీ అయితే కడిగి, కత్తిరించి, పరిచి, ఆరబెట్టి, కట్ట కట్టాలి. నీళ్ళ సీసా అయితే మూత ఒకవైపు, మీది కాయితం ఇంకోవైపు, సీసా నలిపి మరోవైపు. తొకుషిమా జిల్లా కొండల్లో కమికాత్సు అనే చిన్న ఊరు 2003లోనే చెత్త లేని ఊరుగా మారతామని ప్రకటించి, వచ్చిన చెత్తను నలభైకి పైగా రకాలుగా విడదీస్తోంది. దానితో పోలిస్తే మా సందు విలాసపురం.

వీధిలో చెత్తడబ్బాలు ఉండవన్న సంగతి మొదటి వారమే తెలిసింది. 1995 మార్చిలో సబ్‌వే రైళ్ళలో సారిన్ విషం వదిలిన తర్వాత స్టేషన్లలో చాలా డబ్బాలు తీసేశారు. ఐస్‌క్రీం పుల్ల చేత్తో పట్టుకుని మా ఆరేళ్ళవాడు ఊరంతా తిరిగి ఇంటికి తెచ్చాడు. మూడో వారానికి మా జేబుల్లో, సంచుల్లో ఒక చిన్న కవరు దానంతటదే చేరింది.

కానీ నన్ను కుదిపింది చెత్త కాదు, ఆ 'వంతు' అనే మాట. మా తాతగారిది కాలవ చివరి పొలం. తూము దగ్గర నీటి వంతు అర్ధరాత్రి వచ్చేది. లాంతరు పుచ్చుకుని, చేతికర్ర పుచ్చుకుని వెళ్ళేవాడు, ఎందుకంటే పైవాడు బోదెకి అడ్డం వేసేస్తాడేమోనని. నా చెవిలో వంతు అంటే అదే: దక్కాల్సింది, కాపలా కాసి దక్కించుకోవాల్సింది. రేషన్ షాపు దగ్గరా, బస్సు కిటికీ దగ్గరా నేను నేర్చుకున్న వంతు కూడా అలాంటిదే. 'నా వంతు పని' అనే మాట మనకీ లేకపోలేదు. ఉమ్మడి కుటుంబంలో కోడళ్ళకి బాగా తెలిసిన మాట అది. మగవాళ్ళకి సన్మాన సభల్లో తప్ప పెద్దగా అవసరం పడలేదు. అమెరికాలో ఆ రెండో అర్థం కూడా పోయింది. డబ్బు కట్టేస్తాం కనుక చేయాల్సిన వంతు లేదు. ఇక్కడ పలక మీద రాసినది చేయాల్సిన వంతే. డాక్టరుగారి తలుపుకీ అదే పలక, పచారీ కొట్టాయన తలుపుకీ అదే పలక.

బడిలో అయితే ఈ తోబన్ రోజంతా నడుస్తుంది. బోర్డు తుడిచే వంతు, కుందేలుకి మేత వేసే వంతు, గది ఊడ్చే వంతు. చేరేటప్పుడే ఇద్దరికీ తలా రెండు పాత తువ్వాళ్ళు మడిచి కుట్టిన తుడుపు గుడ్డలు పంపమన్నారు. మా ఆవిడ పద్దెనిమిదేళ్ళ తర్వాత సూదీ దారం వెతుక్కుంది. మధ్యాహ్నం పిల్లలు మోకాళ్ళు వంచి, గుడ్డ రెండు చేతులతో నేలకి అదిమి, వసారా ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెడతారు. మావాడికి అది ఆట. ఇంట్లో మాత్రం చెయ్యమంటే చెయ్యడు.

అన్నం వంతు ఇంకా ముచ్చట. భోజనం తరగతి గదిలోనే. ఆ వారం వంతు ఉన్న పిల్లలు తెల్ల కోట్లు, తెల్ల టోపీలు, మూతికి గుడ్డలు కట్టుకుని వంటింటి నుంచి గిన్నెలు మోసుకొచ్చి తక్కిన పిల్లలకి వడ్డిస్తారు. అందరికీ పళ్ళెం వచ్చాకే మొదటి ముద్ద. శుక్రవారం ఆ కోటు సంచీలో ఇంటికొస్తుంది. ఉతికి, ఇస్త్రీ చేసి సోమవారం పంపితే వచ్చే వారం వంతు పిల్లకి అదే కోటు.

జూన్ నెల, అక్కడి వానల కాలం. కోటు బయట ఆరే దారి లేదు. వంటగది పక్క గదిలో దండెం మీద వేశాం. శనివారం సాంబారు, ఆదివారం పులిహోర. ఆదివారం రాత్రి ఇస్త్రీ పెట్టె కోటు మీద ఆనించగానే గుప్పున ఇంగువ తిరగమోత వాసన. మళ్ళీ ఉతికితే తెల్లారేలోగా ఆరదు. ఇస్త్రీ చేసిన కొద్దీ వాసన తేలిపోతుంది గానీ తగ్గదు. మా ఆవిడ మడత మీద మడత వేసి, కవర్లో చుట్టి, దేవుడి మీద భారం వేసి పంపింది. బుధవారం మా పిల్ల కబురు తెచ్చింది. ఆ కోటు వేసుకున్న పాప దాన్ని వాసన చూస్తూ, ఇవాళ అన్నంలోకి కర్రీ అనుకుందట. కర్రీ కాదని తెలిసి డీలా పడిందట. జపాను పిల్లలకి బడి భోజనంలో కర్రీ రైస్ వచ్చే రోజు పండగ రోజు. గండం అలా గట్టెక్కింది.

ఈ కథ బామ్మగారికి చెబితే ముక్కు రెండు వేళ్ళతో మూసి చూపించింది. కోటు గురించి కాదు, ఆవిడ చిన్నప్పటి బడి పాల గురించి. యుద్ధం అయ్యాక ఆకలి రోజుల్లో 1946లో అమెరికా సహాయ సంస్థలు పంపిన సరుకులతో బడి భోజనాలు మళ్ళీ మొదలయ్యాయి. మొదట వెన్న తీసిన పాలపొడి, తర్వాత్తర్వాత రొట్టె. ఆ పాలు ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేవాళ్ళట. 1954లో బడి భోజనానికి చట్టం వచ్చినా రొట్టె మాత్రం వదల్లేదు. అన్నం అధికారికంగా పళ్ళెంలోకి వచ్చింది 1976లో. "మీ అమెరికా పాలు" అంది నవ్వుతూ. మొదటి రోజు రొట్టె గురించి అంత ఆత్రంగా ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. నేను తెనాలి గేదెపాలు తాగి పెరిగినవాణ్ణని చెప్పుకోబోయి ఊరుకున్నాను. పాస్‌పోర్టు తీసుకున్నాక పాలపొడి కూడా నా వంతుకి రావలసిందే.

ఇంటింటికీ తిరిగే అట్ట ఒకటుంది, 'కైరాన్‌బన్' అంటారు. వీధి సంఘం కబుర్లు దానికి గుచ్చి పంపుతారు: కాలవ శుభ్రం చేసే రోజు, భూకంపం కసరత్తు, ఎవరో పోయారన్న వార్త. చదివి, ముద్ర వేసి, పక్కింట్లో ఇవ్వాలి. చూడ్డానికి ఎంత చక్కని ఏర్పాటో అనిపిస్తుంది. దీని పుట్టుక మాత్రం అంత చక్కనిది కాదు. 1940లో ప్రభుత్వం ఇళ్ళను చిన్న చిన్న గుంపులుగా కట్టి 'తొనారిగుమి' అని పేరు పెట్టింది. రేషన్ పంచడం, బాంబులు పడితే మంటలార్పడం, వాటితోపాటు పక్కింటివాడు ఏం మాట్లాడుతున్నాడో కనిపెట్టడం దాని పని. ఆ రోజుల్లో అట్ట ఇలాగే తిరిగింది. యుద్ధం ఓడాక దేశాన్ని ఏలిన అమెరికన్ల హయాంలో 1947లో ఈ సంఘాలను రద్దు చేశారు. 1952లో వాళ్ళు పగ్గాలు వదలగానే సంఘాలు వేరే పేర్లతో మళ్ళీ లేచాయి. అలా నాటి అమెరికన్లు కొట్టేసిన అట్ట మీద ఈనాటి అమెరికన్ కుటుంబం ముద్ర కొట్టి బామ్మగారి చేతికిచ్చేది.

అందుకే వంతులన్నీ బంగారం అని నేననను. బడి తల్లిదండ్రుల సంఘం పనులకి పేర్లు కావాలంటే తల్లులే వస్తారు, తల్లులే తలలు దించుకుని కూర్చుంటారు. ఎవరూ ముందుకు రాకపోతే కత్తెర–రాయి–కాయితం ఆట ఆడి తేలుస్తారు. మా ఆవిడ ఓడి, ఏడాదిపాటు బడిలో పోగుచేసే సీసా మూతల లెక్క చూసింది. ఆ గదిలో తండ్రులెందరని అడిగాను. "ఇద్దరు. ఫోటోలు తీయడానికొచ్చారు" అంది. మన ఉమ్మడి కుటుంబం కోడళ్ళు గుర్తొచ్చి నేను మళ్ళీ అడగలేదు.

స్నానం వంతు మాత్రం మేం పూర్తిగా చెడగొట్టిన వంతు. మా పిల్ల స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి ఉంది. అతిథి కనుక ముందు స్నానం దానిదే. తొట్టి నిండా వేడినీళ్ళు. పడుకుని, తేలి, పాటలు పాడి, లేచి, న్యూజెర్సీలో చేసినట్టే బిరడా లాగేసింది. అక్కడి పద్ధతేమిటంటే తొట్టి బయట కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, సబ్బంతా పోయేలా కడుక్కుని, తర్వాతే తొట్టిలో దిగాలి. ఆ నీళ్ళు ఇంటిల్లిపాదికీ. ఒకరి తర్వాత ఒకరు దిగుతారు, చివరివాళ్ళు అయ్యాకే బిరడా. బయట ఆ ఇంటి తాతగారు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడట. నీళ్ళు గొట్టంలో గుడగుడమంటూ పోతున్న చప్పుడు అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ నీళ్ళు నింపే మీట నొక్కారు, యంత్రం ఒక చిన్న పాట పాడి పని మొదలెట్టింది, తాతగారు వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాడు. "నాన్నా, నేను వాళ్ళందరి స్నానం పారబోశాను" అని మర్నాడు మా పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతం అయింది. ఆ వాక్యం దానికి ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు, జపానులో చెప్పింది.

మళ్ళీ చెత్త దగ్గరికే వస్తే, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఒక తోట ఉంది. ఒక సెలవు రోజు పిల్లల్ని తీసుకెళ్ళాను. ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ విగ్రహం ఉందక్కడ. ఈయన 1877లో సముద్రపు చిప్పల జీవుల్ని పరిశోధించడానికి ఓడ దిగాడు. యొకొహామా నుంచి టోక్యో వెళ్ళే రైలు పట్టాలు వేసి అప్పటికి అయిదేళ్ళు. ఒమొరి దగ్గర కిటికీలోంచి చూస్తే, పట్టాల కోసం కోసిన గట్టులో తెల్లగా చిప్పల పొర కనపడింది. వేల ఏళ్ళ కిందటి మనుషులు తిని పారేసిన చిప్పలవి. కొన్ని నెలలకు తవ్వించాడు. తాడు ముద్రలున్న కుండపెంకులు దొరికాయి. ఆ తాడు ముద్ర మాటే జపానులో 'జోమోన్' అయి, ఒక యుగానికే పేరయింది. ఒక దేశపు పురావస్తు శాస్త్రం చెత్తకుప్ప దగ్గర మొదలైందన్నమాట, అదీ ఒక అమెరికన్ కంటపడి.

మర్నాటి ఏడు భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు మోర్స్. గుడులూ కోటలూ అందరూ చూస్తారు. ఈయన చెప్పులు, దుకాణం బోర్డులు, వంటింటి సామాను, తలుపులు జరిగే తీరు, నీళ్ళు పారే తీరు చూశాడు, రాశాడు, బొమ్మలు గీశాడు, వస్తువులు మూటగట్టి అమెరికాలో తానుండే సేలం ఊరికి పట్టుకెళ్ళాడు. 1923 భూకంపంలో టోక్యో విశ్వవిద్యాలయం గ్రంథాలయం తగలబడిందని విని, తన దగ్గరున్న దాదాపు 12,000 పుస్తకాలు దానికి చెందేలా వీలునామా మార్చాడు. రెండేళ్ళకు పోయాడు, పుస్తకాలు వచ్చాయి.

తమాషా ఏమిటంటే ఆ చెత్తకుప్ప ఎక్కడ తవ్వారన్న దాని మీద తగాదా వచ్చి రెండు స్మారక శిలలు వెలిశాయి. 1929లో షినగావా వైపు ఒకటి, 1930లో పక్క వార్డు ఒతా వైపు ఇంకోటి. ఇప్పుడు మోర్స్ పుట్టిన పోర్ట్‌లాండ్ షినగావాకి సోదర నగరం, ఆయన బతికిన సేలం ఒతాకి సోదర నగరం. చెత్తకుప్ప మాదంటే మాదని రెండు వార్డులు పోటీపడిన ఊరు నేను ఇంకెక్కడా చూడలేదు. మన దగ్గర ఆ పోటీ ఎప్పుడూ రెండో దిక్కుకే.

మావాడు చిప్పల బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "అప్పుడు గోమి తోబన్ ఎవరు నాన్నా?" అన్నాడు. తెలీదన్నాను. "వల వేసేవాళ్ళు కాదేమో" అన్నాడు.

మేం వచ్చి ఇది మూడో ఏడు. బామ్మగారికి మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. వార్డు ఆఫీసు మనిషి గుమ్మం దాకా వచ్చి ఆవిడ సంచీ తీసుకెళుతున్నాడు, ఒంటరి ముసలివాళ్ళకి ఆ సదుపాయం ఉంది. పలక ఇప్పుడు ఆవిడ తలుపు దాటి మా తలుపుకి వస్తుంది. మొదటిసారి అలా దాటించినప్పుడు ఆవిడ కిటికీలోంచి చూసి, బయటికొచ్చి, మా ఆవిడకి రెండు సార్లు నడుం వంచి క్షమాపణ చెప్పుకుంది. సందు చివర రెండిళ్ళు ఖాళీ అయ్యాయి. ఒకదాన్ని పడగొట్టి కార్లు పెట్టుకునే చోటు చేశారు. మేం దిగినప్పుడు పదకొండు వారాలకోసారి వచ్చేది వంతు. ఇప్పుడు ఎనిమిది వారాలకే వస్తోంది.